టీనేజి పిల్లల ఒంట్లో కొవ్వు ఎంత? ఏ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు: సమగ్ర మార్గదర్శి

జిమ్‌లో ఉన్న తూకం మిషను మీద చెప్పులు విప్పి నిలబడితే నిమిషం తిరగకుండా చీటీ వస్తుంది: "శరీరంలో కొవ్వు 27.4 శాతం". ఆ చీటీ చూసుకుని తొమ్మిదో తరగతి కుర్రాడు రాత్రి అన్నం మానేస్తాడు. తల్లి కంగారుపడి బడికి వస్తుంది. విజయనగరం జిల్లాలో పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగం నాది కాబట్టి ఇలాంటి చీటీలు నా బల్ల మీదికి చేరుతూనే ఉంటాయి. వాటిని చూడగానే నాకు వచ్చే మొదటి సందేహం కొవ్వు గురించి కాదు, ఆ చుక్క తర్వాతి 4 గురించి. అంత పదును ఏ మిషనుకూ లేదు. నిజానికి చాలా పద్ధతుల్లో చుక్కకు ముందున్న 7ను కూడా నమ్మడానికి లేదు.

ఈ వ్యాసం 10 నుంచి 19 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, వ్యాయామ ఉపాధ్యాయుల కోసం, కోచ్‌ల కోసం రాస్తున్నాను. ఎలా కొలవాలో చెబుతాను. దానితోపాటు ఆ కొలత ఎంత తప్పగలదో కూడా చెబుతాను. రెండోది తెలియకపోతే మొదటిది నేర్చుకుని లాభం లేదు.

1. కొవ్వును నేరుగా తూచే సాధనం లేదని ముందే ఒప్పుకోండి

బతికున్న మనిషి ఒంట్లోంచి కొవ్వును విడదీసి తూచడం కుదరదు. అందుకే ప్రతి పద్ధతీ ఇంకేదో కొలిచి, దాని మీద లెక్క కట్టి కొవ్వును అంచనా వేస్తుంది. కాలిపర్ (చర్మం మడతను రెండు కొనల మధ్య పట్టి మందం చూపే సాధనం) కొలిచేది చర్మం మడత మందాన్ని. జిమ్‌లో చీటీ ఇచ్చే కరెంటు మిషను కొలిచేది ఒళ్లు కరెంటుకు చూపే నిరోధాన్ని, అంటే ఒక రకంగా ఒంట్లోని నీటిని. నీళ్లలో ముంచి తూచే పద్ధతి కొలిచేది సాంద్రతను. అక్కడి నుంచి కొవ్వు దాకా వెళ్లాలంటే మధ్యలో ఒక సూత్రం ఉండాలి. ఆ సూత్రాన్ని ఎవరి ఒళ్లు చూసి రాశారన్నదే అసలు సంగతి.

సాంద్రత పద్ధతినే తీసుకోండి. 1961లో వచ్చిన సిరి సూత్రం చాలా తేలికైనది: 495ను శరీర సాంద్రతతో భాగించి, వచ్చినదాంట్లోంచి 450 తీసేస్తే కొవ్వు శాతం. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములనీ, కొవ్వు కాని మిగతా శరీరం సాంద్రత 1.1 గ్రాములనీ అనుకుని కట్టిన లెక్క ఇది. పెద్దల్లో ఇది చాలావరకు సరిపోతుంది. పిల్లల్లో సరిపోదు. పెద్దల కండలో, ఎముకలో, మిగతా కొవ్వులేని భాగంలో నీరు సుమారు 73 శాతం ఉంటే పిల్లల్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఎముకల్లో ఖనిజం ఇంకా పూర్తిగా చేరి ఉండదు. అందువల్ల వాళ్ల కొవ్వులేని శరీరం సాంద్రత 1.1కు చేరదు. పెద్దల సూత్రం ఆ లోటునంతా కొవ్వు ఖాతాలో రాసేస్తుంది. ఏ తప్పూ చేయని పిల్లాడు కాగితం మీద లావైపోతాడు.

అందుకే పరిశోధకులు పిల్లల విషయంలో సాంద్రత, నీరు, ఎముకల ఖనిజం, బరువు నాలుగింటినీ విడివిడిగా కొలిచి లెక్క కడతారు. మిగతా పద్ధతుల ఖచ్చితత్వాన్ని దీని పక్కన పెట్టే తేలుస్తారు. ఇది బడిలో జరిగే పని కాదు. అయితే మన చేతిలో ఉన్న చౌక పద్ధతులు దేనితో పోల్చుకుని బతుకుతున్నాయో తెలిసి ఉండాలి.

2. పుట్టిన తేదీ, ఎదుగుదల దశ రాసుకోండి

వయసు ఏళ్లలో చాలదు, నెలలతో సహా కావాలి. "పద్నాలుగు నడుస్తోంది" అంటే 13 ఏళ్ల ఒక నెలా కావచ్చు, 13 ఏళ్ల పదకొండు నెలలూ కావచ్చు. ఆ వయసులో పది నెలలంటే మామూలు తేడా కాదు.

ఎదుగుదల దశ అంతకంటే ముఖ్యం. పెద్దమనిషి అయ్యే కాలంలో ఆడపిల్లల ఒంట్లో కొవ్వు పెరగడం ప్రకృతి చేసే ఏర్పాటు. మన వైపు ఆ సమయంలో చిమ్మిలి ఉండలు పెట్టి, బలం రావాలని దగ్గరుండి తినిపించి, ఆరు నెలలు తిరిగేసరికి "పిల్ల ఒళ్లు చేసింది" అని అదే ఇంట్లో గుసగుసలాడటం చూస్తుంటాం. చిమ్మిలి పెట్టకపోయినా ఆ మార్పు వస్తుంది. మగపిల్లల్లో కథ వేరు. గొంతు మారి, పొడుగు సాగే రోజుల్లో కండ వేగంగా పెరగడంతో కొవ్వు శాతం సాధారణంగా తగ్గుతుంది. కాబట్టి ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరు పదమూడేళ్ల కుర్రాళ్లలో ఒకడికి మీసకట్టు వచ్చి, ఇంకొకడికి రాకపోతే, వాళ్ల సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడటం అన్యాయం.

ఎదుగుదల దశను సరిగ్గా నిర్ణయించడం డాక్టర్ల పని. బడిలో మనం రాసుకోగలిగింది ఇంతే: ఆడపిల్ల రజస్వల అయిందా లేదా, అయితే ఎప్పుడు (ఇది ఉపాధ్యాయురాలో తల్లో చెప్పాలి), మగపిల్లాడికి గొంతు మారిందా లేదా. ఇంతకు మించి అడగవద్దు.

3. ఎత్తు, బరువు, బి.ఎం.ఐ.

ఎత్తు కొలిచేటప్పుడు మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనాలి. చెవి రంధ్రం, కంటి కింది అంచు ఒకే అడ్డగీతలో ఉండాలి. పిల్లలు ఎక్కువ ఎత్తు రావాలని గడ్డం పైకెత్తుతారు, చూస్తూ ఉండండి. మన బడుల్లో ఆడపిల్లలు రెండు జడలూ మడిచి రిబ్బను కట్టుకుంటారు. ఆ ముడులు తలను గోడకు ఆననివ్వవు, కాబట్టి జడలు ముందుకు వేయించండి. తల మీద పెట్టే పలక గోడకు లంబంగా ఉండాలి. ఉదయం కంటే సాయంత్రానికి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గవచ్చు కాబట్టి ఎప్పుడు కొలిచినా ఒకే పూట కొలవండి.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బి.ఎం.ఐ. వస్తుంది. ఎక్కువ మంది తప్పు చేసేది ఆ తర్వాతే. పెద్దలకు వాడే 25నో, ఆసియా వాళ్లకు వాడే 23నో పిల్లలకు నేరుగా తగిలిస్తారు. పిల్లలకు వయసును బట్టి, ఆడ మగను బట్టి మారే చార్టు చూడాలి. రెండు చార్టులు పనికొస్తాయి. ఒకటి భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించినది, 5 నుంచి 18 ఏళ్ల వారికి. అందులో పెద్దల 23కు, 27కు సమానమైన గీతలు గీసి ఉంటాయి. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే స్థూలకాయం. ఇంకొకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 చార్టు, 5 నుంచి 19 ఏళ్ల వారికి. మన పిల్లలకు మొదటిదే వాడతాను. గీతలు తక్కువ దగ్గరే ఉండటం మన ఒంటి తీరుకు తగినది.

ఒంటి తీరు అన్నాను కదా, దానికో పేరుపడ్డ ఉదాహరణ ఉంది. పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. డెక్సా అనే ఎక్స్-రే స్కాన్ ప్రకారం యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బి.ఎం.ఐ. ఒకటే, కొవ్వు రెండింతలకు పైన. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే తత్వం దక్షిణాసియా వాళ్లలో ఎక్కువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అటు శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లి సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి సంగతి చెప్పనక్కరలేదు. ఇలా బరువులెత్తే పిల్లల కండ, ఎముక బరువుగా ఉంటాయి. బి.ఎం.ఐ. చార్టు వాళ్లను "అధిక బరువు" అని ముద్ర వేయగలదు. ఆ ముద్రకు భయపడి కోచ్ తిండి తగ్గించమంటే మొదట కరిగేది ఎన్నాళ్లుగానో కష్టపడి పెంచుకున్న కండే.

బి.ఎం.ఐ. పనికిరానిదని మాత్రం అనను. చార్టులో చాలా పైన ఉన్న పిల్లల్లో కొవ్వు ఎక్కువే ఉంటుంది, ఆ కబురు దాదాపు తప్పదు. తడబడేది మధ్యలో ఉన్న పిల్లల దగ్గర. ఇంకో మాట. 2016-18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేక బక్కచిక్కి ఉన్నారు, అధిక బరువున్నవారు 5 శాతం. చార్టు కింది వైపు గీతలను కూడా అంతే శ్రద్ధగా చూడండి.

4. నడుము చుట్టుకొలత

టైలరు టేపు చాలు, పాతదై సాగి ఉంటే మాత్రం పారేయండి. ఆఖరి పక్కటెముక కింది అంచుకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత కొలవాలి. చొక్కా మీద వద్దు. ప్యాంటు కట్టుకునే చోటు నడుము కాదు.

నడుమును ఎత్తుతో భాగించండి. 0.5 దాటితే, అంటే నడుము ఎత్తులో సగం కంటే ఎక్కువైతే, పొట్ట దగ్గర కొవ్వు చేరుతోందని అర్థం. ఇది కొవ్వు శాతం చెప్పదు, చెబుతానని అననూ అనదు. చార్టు అక్కరలేదు, వయసుతో పెద్దగా పని లేదు, ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. ఒకే ఒక్క కొలత తీసుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

5. కాలిపర్‌తో చర్మం మడత: చేయి తిరగాల్సిన పని

చౌక పద్ధతుల్లో కొవ్వుకు అందరికంటే దగ్గరగా వెళ్లేది ఇదే. చేతకాని చేతిలో అందరికంటే ఘోరంగా తప్పేదీ ఇదే.

మూడు చోట్లు చాలు. అన్నీ కుడి వైపే.

చేయి వెనక మడత: మోచేతిని లంబకోణంలో మడిపించి, భుజం మీద తగిలే ఎముక కొనకూ మోచేతి ఎముక కొనకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, సగం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టండి. తర్వాత చేయి వేలాడేయమనండి. గుర్తుకు ఒక సెంటీమీటరు పైన బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని, దాని కింది మెత్తటి కొవ్వును నిలువుగా పట్టుకుని కండ నుంచి వేరుచేయండి. కండ కూడా వచ్చిందేమోనని అనుమానం ఉంటే పిల్లాడిని చేయి బిగించమనండి. కండైతే వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. ఇప్పుడు గుర్తు దగ్గర కాలిపర్ పెట్టి, దాని పట్టు పూర్తిగా వదిలి, రెండు సెకన్లకు ముల్లు చూడండి. వేళ్లతో పట్టిన మడతను మాత్రం అప్పటిదాకా వదలకూడదు. కొత్తవాళ్లు ముల్లు ఇంకా దిగుతుందేమోనని చూస్తూ ఉంటారు. కాలిపర్ నొక్కే కొద్దీ కొవ్వు అణుగుతుంది, అంకె తగ్గుతూనే పోతుంది.

రెక్క ఎముక కింద మడత: రెక్క ఎముక కింది కొన దొరకకపోతే ఆ చేతిని వీపు వెనక్కి మడవమంటే కొన పొడుచుకు వస్తుంది. దానికి రెండు సెంటీమీటర్ల కింద, ఏటవాలుగా పట్టాలి.

పిక్క లోపలి మడత: పాదం స్టూలు మీద పెట్టించి, మోకాలు లంబకోణంలో ఉండగా, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్న చోట లోపలి వైపు నిలువు మడత.

ఒక చోట రెండుసార్లు వెంటవెంటనే కొలవవద్దు. మూడు చోట్లూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ మొదటి నుంచి రండి. రెండు చుట్లలో అంకెలు మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలిచి, మూడింటిలో మధ్య అంకె తీసుకోండి. ఆట అయ్యాక చెమటతో ఉన్న చర్మం మీద కొలవవద్దు, మడత జారుతుంది. మన ఉక్కపోత నెలల్లో అయితే తువ్వాలు దగ్గర ఉంచుకోవాల్సిందే.

మరీ లావుగా ఉన్న పిల్లల్లో మడత వేళ్లకు అందదు, కాలిపర్ నోరు చాలదు. బలవంతంగా నొక్కి ఏదో ఒక అంకె రాసే కంటే కాలిపర్ పక్కన పెట్టి నడుము కొలత, బి.ఎం.ఐ. చార్టుతో సరిపెట్టుకోవడం మంచిది.

ఆడపిల్లలను ఉపాధ్యాయురాలే కొలవాలి, తలుపు ఉన్న గదిలో, ఇంకో ఆడమనిషి ఉండగా. ముందుగా ఇంటి అనుమతి తీసుకోవాలి. అంకెలు పైకి చదవకూడదు. వరుసలో నిలబెట్టి ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు గట్టిగా అరిచి రాసుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఆ ఒక్క గంట వల్ల ఏడాదంతా మారుపేరు మోసే పిల్లలుంటారు.

6. ఒకే కుర్రాడు, అరడజను సంఖ్యలు

ఇప్పుడు సూత్రాలు. పిల్లల కోసం ఎక్కువగా వాడేది 1988లో వచ్చిన స్లాటర్ సూత్రాలు. చేయి వెనక మడత, పిక్క మడత రెండూ మిల్లీమీటర్లలో కలిపితే వచ్చే మొత్తానికి:

మగపిల్లలకు: 0.735 × మొత్తం + 1.0
ఆడపిల్లలకు: 0.610 × మొత్తం + 5.1

ఊహకు ఒక కుర్రాడిని తీసుకుందాం. సరిగ్గా 14 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. చేయి వెనక మడత 14 మిల్లీమీటర్లు, పిక్క 15, రెక్క కింద 12.

అతని బి.ఎం.ఐ. 22.0. పెద్దల కొలబద్ద ప్రకారం మామూలు బరువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఆ వయసు మగపిల్లలకు అధిక బరువు గీత 21.8 దగ్గర ఉంది, కాబట్టి దాన్ని కాస్త దాటాడు.

స్లాటర్ పిక్క సూత్రం: 29 × 0.735 + 1 = 22.3 శాతం.

స్లాటర్‌కే ఇంకో సూత్రం ఉంది, చేయి వెనక మడతకు రెక్క కింది మడత కలిపి వాడేది. మొత్తం 35 మిల్లీమీటర్లు దాటకపోతే మగపిల్లలకు 1.21 × మొత్తం − 0.008 × మొత్తం వర్గం, అందులోంచి ఎదుగుదల దశను బట్టి ఒక స్థిర సంఖ్య తీసేయాలి. తెల్లజాతి పిల్లలకు ఆ సంఖ్య యవ్వనానికి ముందు 1.7, యవ్వనం నడుస్తుండగా 3.4, తర్వాత 5.5. నల్లజాతి పిల్లలకు ఇంకో మూడు సంఖ్యలు. మన కుర్రాడి మొత్తం 26. దశను బట్టి జవాబు 24.4, 22.7, లేదా 20.6. గొంతు మారిందా లేదా అన్న ఒక్క మాట మీద దాదాపు నాలుగు శాతం అటూ ఇటూ అయింది. పైగా ఆ రెండు జట్లలో భారతీయ పిల్లలు లేరు. అయినా మన పిల్లలకు ఈ సూత్రం వైపే మొగ్గుతాను. మన వాళ్లలో కొవ్వు చేతులకూ కాళ్లకూ కంటే మొండెం మీద ఎక్కువ చేరుతుంది, కనీసం ఒక మడతైనా వీపు మీదిది ఉండాలి.

ఇప్పుడు కాలిపర్ లేకుండా బి.ఎం.ఐ., వయసు తీసుకుని లెక్కకట్టే డ్యూరెన్‌బర్గ్ సూత్రాలు, 1991 నాటివి. ఫోనుల్లో, కంప్యూటర్లలో దొరికే చాలా "కొవ్వు కాలిక్యులేటర్ల" లోపల ఉండేది ఇదే. 15 ఏళ్లు, అంతకు లోపు మగపిల్లలకు: 1.51 × బి.ఎం.ఐ. − 0.70 × వయసు − 2.2. మన కుర్రాడికి 21.3 శాతం, కాలిపర్‌కు దగ్గరగానే ఉంది. కానీ ఆ కాలిక్యులేటర్ వయసు చూడకుండా పెద్దల సూత్రాన్ని వాడిందనుకోండి: 1.20 × బి.ఎం.ఐ. + 0.23 × వయసు − 16.2. జవాబు 13.5 శాతం! అదే కుర్రాడు, అదే ఎత్తు, అదే బరువు, అదే శాస్త్రవేత్త. తేడా 8 శాతం.

ఇంకో చిత్రం. బి.ఎం.ఐ. 22 ఉన్న అబ్బాయికి 15 ఏళ్ల దగ్గర పిల్లల సూత్రం 20.5 శాతం చూపిస్తుంది. 16 నిండిన రోజు పెద్దల సూత్రంలోకి మారితే 13.9. పుట్టినరోజు కేకు తిని ఆరున్నర శాతం కొవ్వు తగ్గించుకున్న ఘనత మరెవరికీ దక్కదు.

ఇదంతా చూశాక సూత్రాన్ని ఎంచుకునే పద్ధతి తేలికే. ఏ వయసు వారి మీద కట్టారో చూడండి. మీ పిల్లల వయసు అందులో లేకపోతే వదిలేయండి. డర్నిన్, వామర్స్లీల 1974 సూత్రాలు 16 ఏళ్లు, ఆ పైవారికి. మెడ, నడుము కొలిచి చెప్పే అమెరికా నౌకాదళం సూత్రం కొలువులో ఉన్న పెద్దలది, పదమూడేళ్ల పిల్లాడి మెడకు దాన్ని తగిలించవద్దు. ఒక సూత్రం పట్టుకున్నాక మళ్లీ మార్చవద్దు. ఏది వాడారో అంకె పక్కనే రాయండి. సరైన సూత్రం, తిరిగిన చేయి రెండూ ఉన్నా ఒక్కో పిల్లాడి విషయంలో నాలుగు శాతం వరకు అటూ ఇటూ కావడం మామూలే. మన కుర్రాడి పేరు పక్కన నేను రాసేది 22.3 కాదు, "18 నుంచి 26 మధ్య".

7. మీ చేతి తప్పు ఎంతో మీరే కొలవండి

ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. పట్టుమని పూట పని, తర్వాత కొలిచే ప్రతి అంకెకూ విలువ ఇచ్చేది ఇదే.

పదిమంది పిల్లలను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి కొలవండి. మొదటి కాగితం కనబడకుండా దాచేయండి. ఒక్కొక్కరి రెండు మొత్తాల తేడా తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, పిల్లల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. ఉదాహరణకు తేడాలు 1, 0, 2, 1, 1, 3, 0, 1, 2, 1 మిల్లీమీటర్లు అనుకుంటే వర్గాల మొత్తం 22. దాన్ని 20తో భాగిస్తే 1.1, వర్గమూలం 1.05. ఇది మీ చేతి తప్పు.

దాన్ని 2.77తో గుణించండి. 2.9 వచ్చింది. అంటే ఒక పిల్లాడి మడతల మొత్తం మూడు మిల్లీమీటర్ల లోపు మారితే నిజంగా మారిందో, మీ చేయి మారిందో చెప్పలేరు. స్లాటర్ పిక్క సూత్రంలో మూడు మిల్లీమీటర్లంటే మగపిల్లలకు 2.2 శాతం. "నెల రోజుల శిక్షణలో ఒకటిన్నర శాతం కొవ్వు తగ్గించాం" అని ఎవరైనా అంటే ఈ లెక్క ఒకసారి అడగండి.

ఇద్దరు ఉపాధ్యాయులు కొలుస్తుంటే ఇదే లెక్క ఇద్దరి మధ్యా కట్టాలి. తప్పు తప్పకుండా పెరుగుతుంది. ఒకే పిల్లాడిని ప్రతిసారీ ఒకే చేయి కొలవడమే మేలు.

8. కరెంటు మిషను చీటీ చదవడం

పాదాల కింద రేకులు, లేదా చేతికి పిడులు ఉన్న మిషన్లు ఒంట్లోంచి తెలియనంత చిన్న కరెంటు పంపి నిరోధాన్ని చూస్తాయి. నీరున్న కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులోంచి పోదు. నిరోధం, ఎత్తు కలిపి నీటిని, నీటి నుంచి కండను, బరువులోంచి అది తీసేసి కొవ్వును లెక్కిస్తాయి. ఆ లెక్క తయారీదారుల రహస్యం. కాబట్టి ముందు పెట్టెతో వచ్చిన పుస్తకం తీసి ఎన్నేళ్ల వయసు నుంచి వాడవచ్చో చూడండి. 18 నుంచి అని ఉంటే పిల్లల విషయంలో ఆ చీటీ చించేయవచ్చు.

పాదాల మిషను ఎక్కువగా కాళ్లలోంచే కరెంటు పంపుతుంది, చేతుల మిషను పైభాగంలోంచి. రెండూ ఒకే పిల్లాడికి ఒకే జవాబు ఇవ్వాలని లేదు. చెమట పట్టి నీరు తగ్గితే నిరోధం పెరిగి కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. పోటీకి ముందు తరగతి బరువు కోసం నీళ్లు మానేసిన లిఫ్టర్ పిల్లలు మిషను ఎక్కితే బరువు తగ్గి, కొవ్వు శాతం పెరిగినట్టు కనిపించడం ఇందుకే. ఎదిగే వయసులో అలా నీళ్లు మాన్పించడమే తప్పు, అది వేరే సంగతి. మరోవైపు మిషను ఎక్కే ముందు లీటరు నీళ్లు తాగితే ఆ బరువు కూడా కొవ్వు లెక్కలోకి పోవచ్చు. పగిలిన, ఎండిన మడమలు రేకులకు సరిగ్గా తగలవు.

వాడక తప్పదంటే పద్ధతి ఇది: పరగడుపున, మూత్రవిసర్జన తర్వాత, ముందురోజు సాయంత్రం భారీ వ్యాయామం లేకుండా, పాదాలు కడిగి తుడిచి, ప్రతిసారీ అదే మిషను. సాధారణంగా ఇవి సన్నని పిల్లల్లో కొవ్వును ఎక్కువ చేసి, లావైన పిల్లల్లో తక్కువ చేసి చూపిస్తాయి. అంటే ఎవరి గురించి మనకు తెలియాలో వాళ్ల దగ్గరే తప్పుతాయి. ఒక బృందం సగటుకు పనికిరావచ్చు, ఒక్క పిల్లాడి గురించి నిర్ణయానికి చాలవు.

అమ్మేవాళ్లు "మా మిషనుకు డెక్సాతో 0.9 సహసంబంధం" అంటారు. ఒకదాని అంకె పెరిగితే రెండోదాని అంకె కూడా ఎంత క్రమంగా పెరుగుతుందో చెప్పే లెక్క అది, పూర్తిగా కలిసి నడిస్తే 1. ప్రతి కొలతకూ ఐదు కిలోలు ఎక్కువ చూపే కాటాకు కూడా సరైన కాటాతో సహసంబంధం పూర్తిగా 1. కాబట్టి అడగాల్సింది సహసంబంధం కాదు, ఒక్కో మనిషి దగ్గర రెండు పద్ధతుల తేడా ఎంత నుంచి ఎంత దాకా వెళ్తోందని. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1986లో ఈ సంగతి తేటతెల్లం చేశారు. అమ్మకపు కాగితాలకు ఇంకా చేరినట్టు లేదు.

9. డెక్సాకు ఎప్పుడు వెళ్లాలి

రెండు శక్తుల ఎక్స్-రేలతో ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి భాగాన్ని విడదీసే స్కాన్ ఇది. రేడియేషన్ చాలా తక్కువ. మన వైపు నుంచి దీనికి విశాఖ వెళ్లడమే సులువు. అయితే ఎముకల సాంద్రత కోసం వెన్ను, తుంటి మాత్రమే తీసే చోట్లు ఎక్కువ, కాబట్టి శరీరమంతా తీసి కొవ్వు చెబుతారా, పిల్లల సాఫ్ట్‌వేర్ ఉందా అని ముందే ఫోనులో అడగండి. దీన్నీ వేదవాక్కు అనుకోవద్దు. కంపెనీ మారితే, కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మారినా సంఖ్య మారుతుంది. రెండోసారి వెళ్తే అదే కేంద్రం, అదే మిషను.

మామూలుగా ఆడుకుంటూ పాడుకుంటూ ఉన్న పిల్లలకు దీని అవసరం లేదు. పిల్లల డాక్టరు అడిగితేనే.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మాత్రం కొవ్వు శాతం కోసం ఎదురుచూడనక్కరలేదు. అమెరికా పిల్లల మీద జరిగిన ఒక పాత అధ్యయనంలో మగపిల్లల్లో 25 శాతం, ఆడపిల్లల్లో 30 శాతం దాటితే రక్తపోటు, రక్తంలో కొవ్వులు పెరిగే అవకాశం ఎక్కువని తేలింది. చాలా చోట్ల ఆ అంకెలే చెబుతారు. కానీ నాలుగు శాతం తప్పే కొలతతో 24కూ 26కూ మధ్య గీత గీసి పిల్లలను విడదీయలేం. ఇవి చూడండి: నడుము ఎత్తులో సగం దాటడం, చార్టులో పిల్లాడి గీత ఏడాదిలో ఒక గీత దాటి పైకో కిందికో పోవడం, మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారడం, రాత్రి గట్టిగా గురక, ఆటలాడే ఆడపిల్లకు నెలసరి ఆగిపోవడం. మెడ నలుపును మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దే తల్లులు చాలామంది. అది రుద్దితే పోయేది కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు.

వెళ్లేటప్పుడు మిషను చీటీ కాకుండా ఒక కాగితం తీసుకెళ్లండి. పుట్టిన తేదీ, మూడు నెలలకోసారి చొప్పున ఎత్తు, బరువు, నడుము, కాలిపర్ వాడి ఉంటే ఒక్కో మడత మిల్లీమీటర్లలో, ఎవరు కొలిచారు, ఏ పూట. శాతం రాయకపోయినా ఫరవాలేదు. మిల్లీమీటర్లు ఉంటే ఏ సూత్రంతోనైనా మళ్లీ లెక్క కట్టవచ్చు, శాతం ఒక్కటే ఉంటే వెనక్కి వెళ్లే దారి ఉండదు.